చేప ఎందుకు ఎండలేదు? - కృష్ణాతీర బెస్తజీవితం వెలుగులో మూడు కథల పునఃపఠనం

1. ఉపోద్ఘాతం

తెలుగునాట పిల్లలు వినే తొలి కథల్లో ఏడు చేపల కథ ఒకటి. చేప ఎందుకు ఎండలేదన్న ప్రశ్నే ఆ కథను నడిపిస్తుంది. కొల్లాపురం ప్రాంతంలోని సోమశిల, మంచాలకట్ట రేవుల్లోనూ, నాగార్జునసాగర్ జలాశయపు ఒడ్డు పల్లెల్లోనూ ఈనాడు వినబడే ప్రశ్న వేరు. అక్కడ ఎండవలసిన చేపే కరవైంది. చేప ఎందుకు ఎండలేదన్న ప్రశ్న, చేప ఎందుకు లేదన్న ప్రశ్నగా మారిన కాలంలో ఆ పాత కథను మళ్ళీ చదవవలసిన అవసరం ఉంది.

నీటివనరు తరిగినప్పుడు, వేటకు కట్టుబాట్లు వచ్చినప్పుడు, తరుగుదలకు కారణం ఎవరన్న మాట తప్పక వస్తుంది. ఆ కారణాన్ని ఎవరు చెబుతున్నారు, ఎవరిని అడుగుతున్నారు, ఎవరి దగ్గర విచారణ ఆగిపోతున్నది అన్నవి పరిపాలనకు సంబంధించిన ప్రశ్నలే కాక కథనానికి సంబంధించిన ప్రశ్నలు కూడా. తెలుగువారికి తరతరాలుగా పరిచయమున్న మూడు కథలు వీటిని మూడు విధాలుగా నడిపాయి. అవి ఏడు చేపల కథ, పంచతంత్రంలోని కొంగ-ఎండ్రకాయ కథ, శాకుంతలంలోని జాలరి ఘట్టం. దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతపు బెస్త, ముదిరాజ్ కుటుంబాల జీవితాన్ని ఎదుట పెట్టుకొని ఈ మూడింటిని పునఃపఠించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ కథలన్నిటిలో నీటిమీద బతికేవాడు ప్రశ్నకు గురయ్యేవాడుగానో, భయానికి కారణంగానో, నిందితుడుగానో కనిపిస్తాడు. అతన్ని సాక్షిగా గుర్తించే వీలు కూడా ఈ కథలలోనే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. నేపథ్యం: నది జలాశయాల వరుసగా మారిన తీరు

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో తెలంగాణలోకి ప్రవేశించే కృష్ణానది జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలను దాటి నల్గొండ అంచును ఒరుసుకొని పోతుంది. సాగర్ నిర్మాణానికి 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. కాలువలకు నీరు వదిలింది 1967లో. శ్రీశైలం జలాశయం కింద 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పరిధిలో వందకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. పారే నదిలో వేట నేర్చినవారికి ఒక్క తరంలోనే నిలిచిన లోతునీటి వేట ఎదురైంది. ఆ లోతునీటిలో వేట తెలిసిన కోస్తా మత్స్యకారులు కొందరు వలస వచ్చి ఈ ఒడ్లమీద గుడిసెలు వేసుకున్నారు.

నీటిలో విషం కలిపి, మందుగుండు పేల్చి చేపలు పట్టడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టం నేరంగా పరిగణించింది. వల కన్ను కొలతను, వేట నిలిపివేసే కాలాన్ని నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. వానాకాలంలో చేప గుడ్లు పెట్టే రోజుల్లో వేట ఆపాలన్న నియమం, సన్నకన్ను వలలు వాడరాదన్న నియమం ఆ దారిలో వచ్చినవే. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో, జలాశయాల్లో చేపపిల్లలను ఉచితంగా వదులుతున్నది. అదే నీటిలో అలివి వలలు తిరుగుతున్నాయి. దోమతెర వంటి సన్నని కన్ను గల ఈ వల వేలెడంత పిల్లను కూడా వదలదు. పెరిగితే కిలోల లెక్కన తూగవలసిన బొచ్చె, రాగండి పిల్లలు గుప్పెళ్ళ లెక్కన ఒడ్డుకు వస్తాయి, ఎండి, బస్తాల్లోకి పోతాయి.

ఇక్కడ విమర్శకుడు గమనించవలసిన విషయం ఒకటుంది. అలివి వలలను ఆపండని అడుగుతున్నవారిలో స్థానిక బెస్తలూ ముదిరాజులూ ముందున్నారు. కాబట్టి ఇది కట్టుబాటు విధించే ప్రభుత్వానికీ, దాన్ని ఎదిరించే మత్స్యకారులకూ మధ్య తగాదాగా మాత్రమే చూస్తే కుదరదు. కట్టుబాటును కోరుకునేవారూ, దానివల్ల కొలిమి చల్లారేవారూ ఒకే వృత్తిలో ఉన్నారు. ఒక్కొక్కప్పుడు ఒకే ఇంట్లోనూ ఉంటారు. వేట ఆగిన నెలల్లో పొయ్యి వెలగవలసింది వల కోరిన ఇంట్లోనే.

సముద్రతీరంలోనూ ఈ చిక్కు ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేటపై నిషేధం అమలవుతున్నది. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో మండపీతల వేటమీద బతికే ఇళ్ళున్నాయి. తీరంలో పీత అయినది మెట్టకు వచ్చేసరికి ఎండ్రికాయ అవుతుంది. మారింది పేరొక్కటే కాదు, దాని విలువ కూడా. అక్కడ అది ఎగుమతి సరుకు. ఇక్కడ వరిమడి గట్టు బొరియలో, వాగు రాళ్ళకింద దొరికే పేదల కూర. ఏ సొసైటీ లెక్కల పుస్తకానికీ ఎక్కని ప్రాణి. లెక్కకు రాని ఈ ప్రాణే మన కథాసంప్రదాయంలో ఎంత బరువైన పాత్ర వహించిందో ముందు ముందు చూద్దాం.

3. కారణాల గొలుసు: ఏడు చేపల కథ

రాజు కొడుకులు ఏడుగురు వేటకు పోయి ఏడు చేపలు తెస్తారు. ఎండబెడితే ఒకటి ఎండదు. ఎందుకని అడిగితే చేప గడ్డిమీద, గడ్డి ఆవుమీద, ఆవు పశులకాపరిమీద, కాపరి అన్నం పెట్టని అవ్వమీద, అవ్వ ఏడ్చిన పసివాడిమీద, పసివాడు కుట్టిన చీమమీద చెబుతారు. చీమ మాత్రం ఎవరిమీదా చెప్పదు. తన పుట్టలో వేలు పెట్టినందుకు కుట్టానంటుంది.

జానపద కథల వర్గీకరణలో ఇది శృంఖలాకథ. పిల్లల జ్ఞాపకశక్తికి పదును పెట్టే కథగా, నెపం నెట్టుకొనే లోకరీతిని పరిహసించే కథగా దీన్ని సాధారణంగా వివరిస్తారు. ఆ వివరణ తప్పు కాదు గాని, కథ నిర్మాణంలోని రెండు విషయాలు దానికి లొంగవు.

మొదటిది, వేటగాళ్ళ గుర్తింపు. తెలుగువారి అత్యంత ప్రసిద్ధమైన చేపల కథలో చేప పట్టినవారు బెస్తలు కారు, రాజకుమారులు. వల లేదు, పుట్టి లేదు, రేవు లేదు. చేప పట్టడం ఇక్కడ వినోదం. వృత్తిగా దాన్ని చేసే మనిషి కథలో అడుగే పెట్టడు. పైగా విచారణ మొదలుపెట్టినవారిని తిరిగి ఎవరూ ప్రశ్నించరు. ప్రశ్న ఎప్పుడూ కిందికే ప్రయాణిస్తుంది. చేప, గడ్డి, ఆవు, కాపరి, అవ్వ, పసివాడు, చీమ అన్న వరుసలో సమాధానం చెప్పవలసినవారందరూ పనిచేసేవారో, బలహీనులో.

రెండవది, గొలుసు ఆగిన చోటు. మిగిలినవారంతా చెప్పినది సాకు. చీమ చెప్పినది హక్కు. తన నివాసంలోకి పరాయి చెయ్యి చొరబడిందన్నదే దాని సమాధానం. అంటే కథ చివరికి తేల్చిన మూలకారణం సోమరితనమో, నిర్లక్ష్యమో కాదు, ఒకరి చోటులోకి మరొకరు చొరబడడం. మధ్యలో ఏ కొక్కెం దగ్గర ఆగినా విచారణ తప్పుడు మనిషిని దోషిగా నిలబెడుతుంది. కాపరి దగ్గర ఆగితే కాపరి దోషి, అవ్వ దగ్గర ఆగితే అవ్వ దోషి.

ఈ కథనసూత్రాన్ని కృష్ణ ఒడ్డుకు తెచ్చి చూస్తే, చేప తరిగిందేమని అడిగే విచారణ చాలాసార్లు వల దగ్గర ఆగుతుందని తెలుస్తుంది. వల పట్టుకుంటారు, కాలుస్తారు. అలివి వల పిల్లచేపను చంపుతుందన్నది నిజమే కనుక ఆ చర్యకు అర్థం ఉంది. కాని కథలోని పద్ధతిలో ఇంకా అడగవలసిన ప్రశ్నలు మిగిలి ఉంటాయి. వలకు పెట్టుబడి ఎవరిది? ముందుగా అప్పిచ్చి సరుకంతా తనకే తూయాలనే వ్యాపారి ఎవరు? వలసవచ్చినవాణ్ణి తన సొంత తీరం ఎందుకు పోషించలేకపోయింది? నీటిమట్టం కరెంటు కోసమూ, కాలువల కోసమూ పెరిగి తరిగేటప్పుడు గుడ్లు పెట్టే చేప అవసరాన్ని ఎవరైనా లెక్కలోకి తీసుకున్నారా? గొలుసును చివరిదాకా నడపడం పిల్లల కథకు తెలిసిన విద్య. పెద్దల నివేదికలు దాన్ని మరచిపోవడం విచారకరం.

4. భయపెట్టి తరలించినవాడు: కొంగ, ఎండ్రకాయ

పంచతంత్రం మిత్రభేదంలోని కొంగ-ఎండ్రకాయ కథను తెలుగువారికి కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. దూబగుంట నారాయణకవి, బైచరాజు వేంకటనాథుడు పంచతంత్రాన్ని పద్యరూపంలో తెలుగు చేశారు. కొంగజపం అన్న మాట కపటానికి పర్యాయపదంగా నిలిచింది. ముసలి కొంగ చెరువులోని చేపలకు ఆపద రానున్నదని చెప్పి, ఒక్కొక్కదాన్నే మరో నీటికి చేరుస్తానని మోసుకుపోయి తినేస్తుంది. చివరికి ఎండ్రకాయ ఎముకల కుప్పను చూసి సంగతి గ్రహించి కొంగ మెడ తెంచుతుంది.

పాఠాంతరాలను పోల్చి చూస్తే కొంగ చెప్పిన ఆపద అన్నిటా ఒకటి కాదని తెలుస్తుంది. ప్రాచీనమైన తంత్రాఖ్యాయికలోనూ, అరబ్బీ కలీలా వ దిమ్నా పరంపరలోనూ, హితోపదేశంలోనూ రానున్నది జాలరుల వేట. క్రీ.శ. 1199 నాటి పూర్ణభద్రుని పాఠంలో అది పన్నెండేళ్ళ అనావృష్టి. బౌద్ధ సంప్రదాయంలోని బక జాతకంలో ఎండకాలానికి నీరు తగ్గిన గుంట ఉంది. కొంగ మారలేదు, దాని ఆకలి మారలేదు. చేపలను నమ్మించడానికి చూపిన కారణం మాత్రం మారుతూ వచ్చింది. ఒకచోట మనిషి, మరొకచోట వాన. వనరు తరుగుదల గురించిన ప్రసంగాలన్నీ నేటికీ ఈ రెండు కొసల మధ్యనే ఊగుతున్నాయి. ఒకరు బెస్తవాని ఆశ అంటారు, మరొకరు వానలు లేవంటారు. చెరువుగట్టు మీద నిలబడి కారణం చెబుతున్నవాడి కడుపు వైపు చూడమన్నదే కథలోని హెచ్చరిక.

జాతకంలో మరో వివరం ఉంది. చేపలు తొలుత నమ్మవు. అప్పుడు కొంగ ఒక ఒంటికన్ను పెద్దచేపను తీసుకుపోయి నిజంగానే మంచి చెరువును చూపించి, క్షేమంగా తిరిగి తెస్తుంది. ఆ చేప చెప్పిన మాటతో మిగిలినవి ఒప్పుకుంటాయి. మోసం అబద్ధంతో కాక చూపించిన ఒక నిజంతో మొదలుకావడం ఈ కథనంలోని లోతు. కొత్త చోటు ఉన్నమాట నిజం. అక్కడికి చేరడమే జరగదు.

ఈ కథకూ ఈ ప్రాంతానికీ ఉన్న సంబంధం కేవలం పోలిక కాదు. జాతక శిల్పాలు చెక్కిన నాగార్జునకొండ లోయ నేడు సాగర్ నీటి అడుగున ఉంది. 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి అక్కడి కట్టడాలలో ముఖ్యమైనవాటిని కొండమీదికీ, అనుపుకూ చేర్చారు. శ్రీశైలం ముంపు వేళ కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. ఆ పని ప్రశంసింపదగినదే. రాతికి అంకె వేసి, ఏ రాయి ఎక్కడిదో మరవకుండా తరలించిన ఆ శ్రద్ధతో పోల్చినప్పుడు మనుషుల తరలింపు ఎలా జరిగిందన్న ప్రశ్న తప్పదు. గుడికి తన పాత రూపం కొత్తచోట దొరికింది. రేవుకు, రేవుమీది వరుసకు, ఏ మడుగులో ఏ కాలంలో ఏ చేప దొరుకుతుందన్న తెలివికి కొత్తచోట రూపం లేదు. దాన్ని విప్పి మోసుకుపోయే మార్గమూ లేదు.

ఇక ఎండ్రకాయ. సంప్రదాయ వ్యాఖ్యానం దాన్ని ఉపాయశాలిగా చూస్తుంది. దాని అసలు గొప్పతనం మరో రెండు పనుల్లో ఉంది. అది ప్రయాణానికి ఒప్పుకుంటూనే తన పట్టు వదలదు, ముక్కున కరచుకుపోనివ్వక తానే కొంగ మెడ పట్టుకుంటుంది. తరువాత, పంచతంత్ర పాఠంలో, తెగిన మెడతో చెరువుకు తిరిగివచ్చి మిగిలినవాటికి జరిగింది చెబుతుంది. పోయిన చేపలేవీ తిరిగిరాలేదు కనుకనే అంతవరకు మోసం సాగింది. తిరిగివచ్చి చెప్పిన ఒక్కటే సాక్షి అయింది. ఈ కోణంలో చూస్తే కథలోని జాలరి అన్న భయానికీ, ఒడ్డుమీది నిజమైన బెస్తకూ సంబంధం లేదు. అలివి వలలో పడ్డ పిల్లచేపల కుప్పను చూపించి ఇది ఆపండని అడుగుతున్నవాడు ఎముకల కుప్పను గుర్తించిన ఎండ్రకాయ స్థానంలో ఉన్నాడు.

5. నిందితుడి సంచిలో నిజం: జాలరి ఘట్టం

కాళిదాసు అభిజ్ఞాన శాకుంతలం ఆరవ అంకం ప్రారంభంలో రాజముద్రిక అమ్మజూపిన జాలరిని రక్షకభటులు కట్టి తెస్తారు. కందుకూరి వీరేశలింగం, వేదం వేంకటరాయశాస్త్రి అనువాదాలతో ఈ ఘట్టం తెలుగు పాఠకులకు చేరువైంది. భటులు అతని వృత్తిని ఎత్తిపొడుస్తారు. పుట్టుకతో వచ్చిన పని నిందకు గురైనదైనా విడువదగినది కాదని జాలరి బదులు చెబుతాడు. చేప కడుపులో ఉంగరం దొరికిందన్న అతని మాట నిజమని తేలాక రాజు ధనం ఇప్పిస్తాడు. అంతకుముందు చంపడానికి ఉవ్విళ్ళూరిన భటులే అతనితో స్నేహం కలిపి కల్లుదుకాణానికి బయలుదేరుతారు.

దీన్ని హాస్యఘట్టంగా, ప్రధానకథకు అతుకుగా మాత్రమే చూడడం విమర్శలో పరిపాటి. నాటకం మొత్తంలో మరచిపోయిన నిజాన్ని వెలికితెచ్చినది ఋషి శక్తి కాదు, రాజు జ్ఞాపకం కాదు, ఒక జాలరి వల. నది మింగినదాన్ని తిరిగి ఇచ్చినవాడు అతడే. అయినా నిజాన్ని తెచ్చినవాడు మొదట నేరస్థుడుగానే వేదికమీదికి వస్తాడు. అతని మాటకు విలువ వచ్చింది రాజు ఉంగరాన్ని గుర్తుపట్టిన తరువాతే. శకుంతల మాట చెల్లనట్లే జాలరి మాట కూడా చెల్లదు. వస్తువు సాక్ష్యం చెబితేనే వారిద్దరి సాక్ష్యమూ నిలుస్తుంది. వృత్తికులాల నోటిమాటకు రాతపూర్వక లోకంలో ఉన్న స్థితిని ఇంతకంటె సూక్ష్మంగా చూపిన ఘట్టాలు అరుదు.

6. స్థానిక గొంతు

ఈ మూడు కథల్లోనూ మత్స్యకారుడు పరోక్షంగానో, క్లుప్తంగానో ఉన్నాడు. ఆ లోటును పూరించే సాహిత్యం ఏది? సామాన్యుల తిండి, వృత్తి, ఆటపాటలను కావ్యాలనుంచి ఏరి కూర్చిన సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వెలువడింది. రాతలో దొరికే జాడలతోనే జనజీవితాన్ని నిర్మించవచ్చునని పాలమూరు గడ్డనుంచి వచ్చిన ఆ గ్రంథం నిరూపించింది. రాతలోకి రానిదాన్ని పాట పట్టుకుంది. అదే గడ్డకు చెందిన గోరటి వెంకన్న ఎండిన వాగును గురించి కట్టిన పాట, కుబుసం (2002) చిత్రం ద్వారా ఊరూరా చేరిన పల్లె కన్నీటి పాట ఇందుకు నిదర్శనాలు.

ఈ పాటల నిర్మాణం ఏడు చేపల కథకు దగ్గరిది, దిశ మాత్రం వేరు. పల్లెపాటలో ఒక్కొక్క వృత్తీ వరుసగా వస్తుంది, ఒక్కొక్క పనిముట్టూ మూలపడిన తీరు కళ్ళకు కడుతుంది. ఎవరూ పక్కవారిమీద నెపం వేయరు. అందరి నష్టమూ కలిసి, కంటికి కనబడని కారణంవైపు వేలు చూపుతుంది. కిందికి ప్రయాణించే ప్రశ్నను పైకి తిప్పడం ఇక్కడ జరిగింది. వాగు పాటలో నీరెండడం ప్రకృతివైపరీత్యంగా కాక, ఊరి బతుకులో ఒక బంధువును పోగొట్టుకున్న దుఃఖంగా వినిపిస్తుంది.

అయితే పాట శోకాన్ని నిలబెట్టినంతగా వృత్తిజ్ఞానాన్ని నిలబెట్టలేదు. పుట్టి అల్లకం, వల కన్ను కొలత, మత్తడి దుంకినప్పుడు చేప ఎదురెక్కే వేళ, కొర్రమీను తన పిల్లల గుంపును కాచే తీరు, పిల్లలున్న తల్లిని వదిలేసే మర్యాద ఇవన్నీ మాటల్లో బతికే జ్ఞానం. ప్రభుత్వపు కట్టుబాటు కంటె ముందునుంచీ ఉన్న కట్టుబాటు ఈ మాటల్లో ఉంది. 'మత్స్యసంపద' అన్న మాట చేపను తూకంగా చూపుతుంది. 'గంగమ్మ' అన్న మాట ఇవ్వడానికీ, నిలిపివేయడానికీ అధికారం ఉన్న తల్లిని చూపుతుంది. రెండు మాటలకూ రెండు వేర్వేరు నియమావళులున్నాయి. మాండలిక పదసేకరణను వృత్తిపదకోశాల స్థాయి దాటించి, అందులోని న్యాయభావనను చదవడం తెలుగు శాఖల పరిశోధనకు తగిన పని.

7. ఉపసంహారం

ఏడు చేపల కథ విచారణను మధ్యలో ఆపవద్దంటుంది. కొంగ కథ కారణం చెప్పేవాడిని పరీక్షించమంటుంది. జాలరి ఘట్టం నిందితుడి మాట వినమంటుంది. ఈ మూడూ కలిస్తే వేట కట్టుబాట్ల గురించి సాహిత్య విమర్శ చెప్పగల మాట తేలుతుంది. కట్టుబాటు అవసరమే. పిల్లచేపను మిగల్చని వల బెస్తవాని రేపటిని కూడా మిగల్చదు. ఐతే ఆ కట్టుబాటును ఎవరి సాక్ష్యంమీద నిర్మిస్తున్నామన్నది దాని న్యాయాన్ని నిర్ణయిస్తుంది. నీటిని రోజూ చూసేవాణ్ణి అడగకుండా రాసిన నియమం చీమను అడగకుండా ముగించిన కథ వంటిది.

వేసవిలో శ్రీశైలం నీటిమట్టం పడిపోయినప్పుడు సప్తనదీ సంగమేశ్వరాలయం నీళ్ళలోంచి బయటపడుతుంది. భక్తులు పుట్టెక్కి దర్శనానికి పోతారు. ఆ పుట్టి నడిపేవాడికి గుడి శిఖరంతోపాటు, దాని చుట్టూ మునిగిన ఊళ్ళ ఆనవాళ్ళూ, ఏ మడుగు ఎక్కడ ఉండేదో కూడా తెలుసు. దాటించినందుకు అతనికి కూలి ముడుతుంది. అతనికి తెలిసింది మాత్రం ఇంకా ఎవరూ అడగలేదు.